ఉప్పు తిన్న విశ్వాసం

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కాక ఊరి పేరు మరింత తీపెక్కింది. కానీ ఈ మండలం కోనసీమకి పంపే అసలు సరుకు నీళ్ళు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా వేసిన ఆనకట్టకి నాలుగు ఆర్ములు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ర్యాలి ఆర్మ్ వచ్చి ఆనుకునేది ఈ మండలంలోని బొబ్బర్లంకకే. మధ్య డెల్టా కాలువ అక్కడ మొదలై, లొల్ల లాకుల దగ్గర పాయలుగా విడిపోయి, కొబ్బరితోటల మధ్య నుంచి సముద్రం దిక్కుగా సాగిపోతుంది.

ఇదే మండలంలో వాడపల్లి వెంకన్న ఉన్నాడు. వరసగా ఏడు శనివారాలు వెళ్ళి ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని జనం నమ్మకం. శనివారం వచ్చిందంటే వాడపల్లి దారిలో కాలు పెట్టడానికి చోటుండదు. మొక్కు, లెక్క, ఫలం: గోదావరి మనిషికి ఈ మూడూ ఉగ్గుపాలతో వచ్చినవి. పుష్కరాల్లో మునిగితే ఇంత, అన్నదానం చేస్తే ఇంత అని పుణ్యానికి ఒక పద్దు నడుస్తూనే ఉంటుంది.

పక్కనే పేటలో ఆదివారం పొద్దున్న మైకులో పాస్టరుగారు చెప్పేది ఆ పద్దు పుస్తకాన్నే చింపేసినట్టుంటుంది. రక్షణ ఉచితం అంటాడాయన. డబ్బు పెట్టి కొనలేవు, కష్టపడి సంపాదించలేవు, ఎన్ని పుణ్యకార్యాలు చేసినా నీ బాకీ తీరదు. తీర్చినవాడు వేరే ఉన్నాడు, నువ్వు నమ్మితే చాలు. వినేవాడికి సందేహం రాక మానదు. ఊరికే వచ్చేదయితే ఇక మంచి పనులు చెయ్యడం దేనికి? నమ్మేశాక ఎలా బతికినా ఒకటేనా?

ఈ ప్రశ్న పేటలో పుట్టింది కాదు. క్రైస్తవానికి ఎంత వయసుందో దీనికీ అంత వయసుంది.

మొదటి శతాబ్దంలో పౌలు రోమా, గలతీ సంఘాలకి రాసిన పత్రికల్లో ఒకటే మాట పట్టుకున్నాడు. ధర్మశాస్త్రం చెప్పిన క్రియలన్నీ చేసి దేవుడి ముందు నీతిమంతుణ్ణి అనిపించుకోవడం ఏ మనిషి తరమూ కాదు, ఆ పేరు విశ్వాసం వల్లే దక్కుతుంది. ఆయన ముందున్న తగువేమిటో తెలిస్తే ఈ పట్టుదల అర్థమవుతుంది. యూదులు కానివాళ్ళు క్రీస్తును నమ్ముతున్నారు. వాళ్ళు సున్నతి చేయించుకోవాలా? ఆ ఆహార నియమాలన్నీ పాటించాలా? అక్కర్లేదన్నాడు పౌలు. గుమ్మం దగ్గర నిలబెట్టి కులగోత్రాలు అడగొద్దన్నాడు.

యాకోబు ముందున్న తగువు వేరు. ఆయన పత్రికలో రెండో అధ్యాయం మొదలయ్యేది కూర్చునే చోటు గొడవతో. బంగారు ఉంగరం పెట్టుకుని, మెరిసే బట్టలు కట్టుకుని ఒకడు సంఘానికొస్తాడు. వాణ్ణి పిలిచి మంచి చోట కూర్చోబెడతారు. మాసిన బట్టల పేదవాణ్ణి మాత్రం అక్కడే నిలబడమంటారు, లేకపోతే కాళ్ళ దగ్గర కూర్చోమంటారు. ఇదెక్కడి విశ్వాసం అని యాకోబు కోపం. అదే ఊపులో ఇంకో సంగతి ఎత్తుతాడు. తినడానికి తిండీ ఒంటిమీద బట్టా లేని తోటి విశ్వాసిని ఉత్త దీవెనలతో సాగనంపేవాళ్ళ గురించి అడుగుతాడు. మాటలు కోటలు దాటి, కాలు గడప దాటని భక్తిని ఆయన ప్రాణం లేని ఒంటితో పోల్చాడు.

చిత్రమేమిటంటే ఇద్దరూ పిలిచిన సాక్షి ఒక్కడే, అబ్రాహాము. సున్నతి కంటే ముందే అతని విశ్వాసాన్ని దేవుడు నీతిగా ఎంచాడు కదా అని పౌలు. కొడుకునే బలిపీఠం మీద పెట్టేదాకా వెళ్ళాడు, అప్పుడే కదా ఆ విశ్వాసం నిండుగా తేలింది అని యాకోబు. సాక్షి ఒకడే, వ్యాజ్యాలే రెండు. ఒకరు పడగొట్టాలని చూసింది ‘నేను సంపాదించాను’ అనే గర్వాన్ని, రెండోవారు పడగొట్టాలని చూసింది ‘నేను నమ్మాను, ఇక చాలు’ అనే బద్ధకాన్ని.

ఈ రెండు మాటల మధ్య యూరప్ రెండు ముక్కలయింది. పాపాల శిక్ష తగ్గించే పత్రాలు డబ్బుకి అమ్ముడవుతున్న కాలంలో, 1517లో, విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు. విశ్వాసం మాత్రమే అన్నాడు. రోమా పత్రికను జర్మనులోకి తెచ్చేటప్పుడు, గ్రీకు మూలంలో లేకపోయినా, ‘మాత్రమే’ అనే మాటను తానే చేర్చాడు. 1522లో రాసిన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డిపోచతో సమానం చేశాడు. అంతమాత్రాన మంచి పనులంటే ఆయనకి గిట్టదని కాదు. చెట్టు మంచిదయితే పండు మంచిదవుతుంది గాని, పండ్లు తెచ్చి కొమ్మలకి కట్టినంతలో చెట్టు బాగుపడదనేది ఆయన వాదం. కతోలిక సంఘం 1547లో ట్రెంట్ మహాసభలో జవాబిచ్చింది. మొదటి అడుగు దేవుడి కృపదేనని ఒప్పుకుంటూనే, ఆ కృపతో మనిషి చేతులు కలపాలనీ, ప్రేమతో చేసే క్రియల్లో ఆ నీతి పెరుగుతుందనీ తేల్చింది.

తగువు నాలుగున్నర శతాబ్దాలు నడిచింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కతోలిక సంఘమూ ప్రపంచ లూథరన్ సమాఖ్యా ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనిషిని స్వీకరించేది కృప వల్లే, మనిషి యోగ్యత చూసి కాదు, ఆ స్వీకారం నుంచే మంచి క్రియలు పుడతాయి అని దాని సారాంశం. తరవాత మెథడిస్టులూ అందులో చేరారు. 1927లో ఏర్పడిన మన ఆంధ్ర ఎవాంజిలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు. అంటే రాజమండ్రి లూథరన్ గుడికి వెళ్ళేవాళ్ళూ, మార్చి 25న గౌరీపట్నం నిర్మలగిరి కొండెక్కే మరియమాత భక్తులూ కాగితం మీద ఈ విషయంలో రాజీ పడిపోయినట్టే. ఆ సంగతి ఇరువైపులా ఎంతమందికి చేరిందన్నది వేరే మాట.

తెలుగువాడికి ఈ వాదం మరీ పరాయిది కాదు. వైష్ణవంలో కోతిపిల్ల, పిల్లిపిల్ల న్యాయాలున్నాయి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి. పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుపోతుంది, పిల్ల చేసేదేమీ లేదు. భగవంతుడి దయకి మన వైపు నుంచి పట్టు ఉండాలా అక్కర్లేదా అని వడగలై, తెంగలై శాఖల వారు వాదించుకున్నది కూడా ఇలాంటి మాట మీదే. వాడపల్లి మాడవీధిలో మాత్రం ఎవరూ ఈ న్యాయాలు ఎంచుకుంటూ నడవరు. ఎవరి ప్రదక్షిణలు వారివి.

ఇక్కడ తెలుగు భాష ఒక మేలు చేసింది. బైబిలు అనువాదకులు ఎంచుకున్న మాట ‘విశ్వాసం’. ఈ మాటకి మన ఇళ్ళల్లో రెండర్థాలున్నాయి. ఒకటి నమ్మకం. రెండోది, ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అంటామే, అది. కుక్కకి విశ్వాసం ఉందంటే అది యజమాని గురించి ఏదో సిద్ధాంతం నమ్ముతోందని కాదు. రాత్రంతా గుమ్మం దగ్గర కాపలా పడుకుంటుందని. విశ్వాసఘాతకుడంటే నమ్మనివాడు కాదు, నమ్మినవాళ్ళని ముంచినవాడు. మూలంలో ఉన్న ‘పిస్టిస్’ అనే గ్రీకు మాటకీ నమ్మకం, నమ్మకంగా ఉండటం అనే రెండర్థాలూ ఉన్నాయి. క్రియ లేని విశ్వాసం ఉంటుందా అన్న ప్రశ్నకి తెలుగు పల్లెలో వేదాంతం అక్కర్లేదు. ఉప్పు తిన్నాక కృతజ్ఞత చూపేది నోటితో కాదు. అదే సమయంలో, ఆ కృతజ్ఞత ఉప్పుకి కట్టిన ఖరీదూ కాదు. పౌలు, యాకోబు ఇద్దరూ ఈ ఒక్క నానుడిలో ఇరుక్కోకుండా పడతారు.

గోదావరి డెల్టాలో ఈ మాట ఎలా నడిచిందో చూడాలంటే బాగ్దాద్ దాకా వెళ్ళి రావాలి.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఇంగ్లండులో ఎక్సెటర్ పట్టణంలో పళ్ళ డాక్టరు. బాగా సంపాదించేవాడు. ఉన్నదాన్ని దాచుకోవద్దన్న క్రీస్తు మాటని ఉన్నదున్నట్టు తీసుకోవాలని 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, రాసినట్టే వృత్తి వదిలేసి, 1829లో కుటుంబంతో బాగ్దాద్ బయల్దేరాడు. ఏ మిషన్ సొసైటీ జీతమూ లేదు. 1831లో బాగ్దాద్‌ని ప్లేగు ఊడ్చేసింది. ఆయన భార్య కూడా పోయింది. రెండేళ్ళ తరవాత అక్కడికి ఒక ఇంగ్లీషు ఇంజనీరు వచ్చాడు. సెలవు నుంచి భారతదేశానికి తిరిగి వెళ్తున్న ఆర్థర్ కాటన్. 1833లో గ్రోవ్స్ కూడా ఇండియా దారి పట్టాడు. మరో మూడేళ్ళకి స్వదేశం వెళ్ళొచ్చినప్పుడు తన వెంట రెండు జంటలను తెచ్చాడు. డెవన్ ప్రాంతంలో బార్న్‌స్టేపుల్ వాళ్ళయిన విలియం బౌడెన్, జార్జ్ బీర్, వాళ్ళ భార్యలు. ఆ ఇద్దరూ మచిలీపట్నం చేరి, అటు నుంచి నర్సాపురం, పాలకొల్లు వైపు వచ్చారు. గోదావరి డెల్టా మిషన్‌కి అదే ఆరంభం. ఇవాళ ఈ జిల్లాల్లో ‘బ్రదరిన్ సంఘం’ అనిపించుకునే రొట్టె విరిచే కూడికలకి మూలం అక్కడే.

వీళ్ళ పద్ధతిని ‘విశ్వాస జీవనం’ అంటారు. నెల జీతం ఉండదు. ఎవరినీ అడగకూడదు. ప్రార్థన చెయ్యాలి, వచ్చినదానితో బతకాలి. గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్ళాడిన జార్జ్ ముల్లర్ బ్రిస్టల్‌లో ఇదే పద్ధతి మీద అనాథాశ్రమాలు నడిపి, పది వేల మందికి పైగా పిల్లల్ని సాకాడు. అంతా విశ్వాసమే అని చెప్పుకున్న ఈ మనుషులు చేసినంత పని, పనిని పుణ్యంగా లెక్కపెట్టుకునేవాళ్ళలో కూడా అరుదు. అయితే ఈ కథలో ఎప్పుడూ ఆకాశం నుంచి మన్నా కురవలేదు. గ్రోవ్స్ తన చేత్తో తాను సంపాదించుకుని సేవ చెయ్యాలని చిత్తూరులో వ్యవసాయం, పట్టు పెట్టి నష్టపోయాడు, అప్పుల పాలయ్యాడు. 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే కన్నుమూశాడు. మన థామస్ గాబ్రియేల్‌దీ అలాంటి కథే. టెలిగ్రాఫు శాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని కాకినాడలో సొంతంగా మిషన్ నడిపిన తెలుగువాడు. ఖర్చులు మోయలేక అప్పుల్లో కూరుకుపోతే కెనడా బాప్టిస్టులు ఆదుకున్నారు. 1874లో జాన్ మెక్లారిన్ వచ్చి ఆ పని అందుకున్నాడు. కొన్ని నెలలకే, 1875 మొదట్లో, గాబ్రియేల్ పోయాడు. ఫలితాన్ని బట్టి విశ్వాసం తూచేవాళ్ళు ఈ ఇద్దరి దగ్గరా తడబడతారు.

కాటన్ సంగతి మరీ తెలిసిందే గాని, ఆయన్ని కదిలించిందేమిటో చాలామంది అడగరు. 1832-33 నందన కరువు, తుపానులు, వరదలు, వలసలు కలిసి గోదావరి జిల్లాను కుదేలు చేశాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనాభా 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది సముద్రంలోకి పోతుండగా మనుషులు ఆకలితో పోవడం ఆయన సహించలేకపోయాడు. ఒళ్ళు సహకరించకపోయినా 1847లో పని మొదలుపెట్టించి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. ధవళేశ్వరంలో వేలాది కూలీలు గుమిగూడిన ఆ రోజుల్లో బౌడెన్ కూడా అక్కడికి మకాం మార్చాడు. ఒకరు రాయి పేర్పిస్తున్నారు, ఒకరు వాక్యం చెబుతున్నారు. ఆ ఇద్దరినీ ఇటు తెచ్చిన దారులు చివరికి గ్రోవ్స్ దగ్గరే కలుస్తాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆనకట్ట కాటన్ సొంత డబ్బుతో చేసిన దానం కాదు. కంపెనీ సర్కారు ఖర్చు, శిస్తు పెరుగుతుందన్న లెక్క దాని వెనక ఉంది. కాటన్ కూడా ఆ లెక్క చూపించే సర్కారుని ఒప్పించాడు. మంచి పని చేయించడానికి లాభం ఆశ పెట్టడం తప్పా అంటే, ఆ నీళ్ళు తాగినవాళ్ళని అడగాలి. డెల్టా ఊళ్ళల్లో గుర్రం మీద కాటన్ విగ్రహాలు లెక్కలేనన్ని. స్నాన సంకల్పంలో ఆయన్ని తలచుకునే శ్లోకమూ పుట్టింది. మనుషుల పనివల్ల రక్షణ రాదని నమ్మిన మనిషి పేరు పుణ్యస్నానపు మంత్రంలో చేరింది. వింటే ఆయన ఏమనుకునేవాడో!

ఆయన కూతురు ఎలిజబెత్, లేడీ హోప్, సువార్త ప్రచారకురాలు. 1900లో తండ్రి జీవితచరిత్ర తెచ్చిందీ ఆమే. ప్రపంచానికి ఆమె గుర్తున్నది మాత్రం ఇంకో కథ వల్ల: చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో బైబిలు వైపు తిరిగాడన్న కథ ఆమె చెప్పిందే. డార్విన్ పిల్లలు అది అబద్ధమని కొట్టిపారేశారు. కూతురికి ఒక శాస్త్రవేత్త మంచం మీద అన్నాడనే నాలుగు మాటలు విశ్వాసానికి పెద్ద రుజువయ్యాయి. తండ్రి రుజువు నాలుగు మైళ్ళ నది మీద పరుచుకుని ఉంది. 1970-82 మధ్య కొత్త బ్యారేజి కట్టాక దానికీ ఆయన పేరే పెట్టారు.

రాజమండ్రి లూథరన్లకి వేరే పెద్దాయన ఉన్నాడు. ఫాదర్ హయ్యర్. 1842లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ. సెలవులో వెళ్ళినప్పుడు వైద్యం కూడా చదివి వచ్చాడు. తరవాత అమెరికాలో స్థిరపడిపోయిన ఆయనకి, రాజమండ్రి మిషన్‌ని మరో సంఘానికి అప్పగించబోతున్నారని 1869లో తెలిసింది. అప్పటికి వయసు డెబ్బై అయిదు దాటింది. నేనే వెళ్తానని ఓడెక్కి వచ్చేశాడు. విశ్వాసం మాత్రమే అనే లూథర్ శిష్యుడు కాళ్ళూ చేతులూ ఆడుతున్నంత కాలం ఎందుకు ఆగలేదని అడిగితే, చెట్టూ పండూ మాట మళ్ళీ చెప్పుకోవాలి.

ఆసుపత్రులు మంచి పనులే గదా, మిషన్లు వాటికి వెంటనే ఒప్పుకుని ఉంటాయనుకుంటాం. అలా జరగలేదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పుడు బోర్డు ఆమెని డాక్టరుగా పంపలేదు, ఆడవాళ్ళకి చదువు చెప్పడానికి పంపింది. వైద్య సేవ మొదలుపెట్టే ఉద్దేశం తమకింకా లేదంది. ఆమె మందుల పెట్టె వెంట తెచ్చుకుంది. రెండేళ్ళకి బోర్డే దిగొచ్చింది, 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. తన ఇంటివాళ్ళకి అక్కడ జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రాజా భుజంగరావు ఆ ఆసుపత్రికి వచ్చే హిందూ రోగుల బంధువుల కోసం ఎదురుగా సత్రం కట్టించాడు. ఆత్రేయపురానికి ఏటి అవతల రామచంద్రపురంలో కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ పందొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకి కుష్ఠు రోగులకి ఆశ్రమం ఏర్పాటు చేసింది. కుటుంబాలే వెళ్ళగొట్టిన రోగుల్ని ముట్టుకోవడం ఆ కాలంలో ఏ పద్దులో రాసుకునే పుణ్యమో ఎవరికీ తెలియదు.

మంచి పని ఒకసారి చేసి వదిలేస్తే అది మంచిగానే ఉంటుందన్న హామీ లేదు. నర్సాపురం లేసు అందుకు ఉదాహరణ. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ స్త్రీలు పేద క్రైస్తవ ఆడవాళ్ళకి పొట్ట పోసుకునే దారిగా లేసు అల్లిక నేర్పారు. కడుపులో నాలుగు మెతుకులు పడ్డాయి. తరవాతి కాలంలో అది ఎగుమతి వ్యాపారమైంది, అల్లిక మిగతా కులాల ఇళ్ళకీ పాకింది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు అల్లేవాళ్ళ మీద వెలువరించిన పుస్తకం ఇంకో ముఖం చూపించింది. ఇంట్లో కూర్చుని అల్లే ఆడవాళ్ళు ‘పనివాళ్ళు’గా కాక ఖాళీ సమయంలో ఏదో చేసుకునే ఇల్లాళ్ళుగా లెక్కకొచ్చారు. కూలి అతి తక్కువ, లాభం వర్తకులది. దయతో నేర్పిన విద్య దోపిడీకి దారి అయింది. నేర్పినవాళ్ళ విశ్వాసంలో లోపముందని అనలేం. కానీ పని ఫలితాన్ని దేవుడికి వదిలేశాం అనడం చూసుకునే బాధ్యతని తప్పించుకోవడానికి చక్కని సాకు.

యాకోబు అడిగిన కూర్చునే చోటు ప్రశ్న డెల్టాలో ఇంకా పదునుగా ఉంది. ఇక్కడ క్రైస్తవాన్ని ఎక్కువగా అందుకున్నది మాల, మాదిగ పేటలు. ఊళ్ళో గుడి మెట్టు ఎక్కనివ్వని మనిషికి ‘నీ యోగ్యత ఎవరూ అడగరు’ అన్న మాట ఎంత పెద్దదో, యోగ్యత పుట్టుకతోనే దొరికినవాళ్ళకి అర్థం కావడం కష్టం. పౌలు వాదాన్ని పేటవాళ్ళు తర్కంతో కాదు, అనుభవంతో పట్టుకున్నారు. ఆ తరవాతే చిక్కు వచ్చింది. చాలా ఊళ్ళల్లో రెండు పేటలకీ రెండు ప్రార్థన మందిరాలు. దేవుడు ఒక్కడే, రొట్టె ఒక్కటే అంటారు. పెళ్ళి సంబంధం మాట వచ్చేసరికి మాత్రం పేట అడుగుతారు. గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదన్న ఆనందంతో లోపలికొచ్చినవాళ్ళే లోపల ఇంకో గడప పెట్టుకోవడం యాకోబు చూసి ఉంటే, పత్రిక ఇంకో అధ్యాయం పెరిగేది.

చట్టం పెట్టిన చిక్కు మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రాడు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వెళ్తాడు. పిల్లల చదువు, ఉద్యోగం చూసుకుంటే సర్టిఫికెట్టు ఒకటి, ఆదివారం ఒకటి. బహిరంగంగా ఒప్పుకోవడం కూడా ఒక క్రియేనా, ఆ క్రియ లేకపోతే విశ్వాసం లేనట్టేనా? జీతం వదిలి వచ్చిన బౌడెన్ ఈ ప్రశ్నకి నిష్ఠగా జవాబు చెప్పగలిగేవాడేమో. ముగ్గురు పిల్లల్ని చదివిస్తున్న తండ్రిని ఏసీ గదిలో కూర్చుని అడగడం మాత్రం తగదు.

రక్షణ ఉచితం అని మొదలైన బోధ కొన్ని చోట్ల ఎటు తిరిగిందో కూడా చెప్పాలి. దశమ భాగం ఇవ్వు, పదింతలు వస్తుంది. ఈ కానుక నాటు, ఆ రోగం పోతుంది. టీవీలో, ఫోనులో ఇది రోజూ వినిపిస్తుంది. లూథర్ ఎదురు తిరిగిన పత్రాల వ్యాపారానికీ దీనికీ తేడా ఏమిటో చెప్పగలిగితే బాగుండును. పద్దు పుస్తకం చింపేశాం అన్నవాళ్ళే కొత్తది కుట్టించారు. వాడపల్లి ప్రదక్షిణల్లో దాపరికం లేదు. అది మొక్కు అని మొక్కేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. ఉచితం అని పిలిచి లోపల రేటు చెప్పడమే ఇబ్బంది.

దీనికి ఎదురుగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని అలవాటొకటి పల్లె సంఘాల్లో ఉంది. అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో పోస్తారు ఆడవాళ్ళు. ఆదివారం ఆ పిడికెడు బియ్యమే కానుక. పేదింట్లో ఆ పిడికెడు ఎవరి పళ్ళెంలోంచి తగ్గుతుందో చెప్పక్కర్లేదు, వడ్డించే ఆమె పళ్ళెంలోంచే. దానికి ప్రతిఫలం ఆశిస్తుందా అంటే, అడిగినవాణ్ణి ఆమె వింతగా చూస్తుంది. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పు కథ ఉంది. ఆకలిగా ఉంటే నాకు అన్నం పెట్టారు అని రాజు కుడివైపున్నవాళ్ళని మెచ్చుకుంటే, వాళ్ళు తెల్లబోతారు. మిమ్మల్ని మేమెప్పుడు చూశాం అంటారు. చేసింది వాళ్ళ లెక్కలో లేదు. క్రియలను మెచ్చుకునే ఈ కథలోనే లెక్క లేకపోవడం ఉంది. విశ్వాసమా క్రియలా అని పట్టుబట్టేవాళ్ళు ఇద్దరూ ఇక్కడ కాస్త నెమ్మదించాలి.

బొబ్బర్లంకలో బయల్దేరిన నీళ్ళు లొల్ల లాకులు దాటి గన్నవరం చేరేసరికి వైనతేయ పాయ అడ్డం వస్తుంది. దాన్ని దాటించడానికి 1851-52లో లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు 49 కమానులతో అక్విడక్టు కట్టించాడు. నది మీదుగా కాలువ! కాటన్ కింద పనిచేసిన ఈ హేగ్ కూడా గట్టి విశ్వాసే. తరవాత ఎగువ గోదావరి పనుల మీద దుమ్ముగూడెం వెళ్ళి, 1860లో కోయల మధ్య మిషన్ మొదలవడానికి కారకుడయ్యాడు. ఆయన కింద పనిచేసిన వెంకటరామరాజు ఆ మిషన్‌కి మొదటి ప్రచారకుడు.

హేగ్ కమానులు లేస్తున్నప్పుడు మండపేటలో ఒక బ్రాహ్మణుల పిల్లకి పదేళ్ళు. పేరు సీతమ్మ. డొక్కా జోగన్నను పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చింది. లంకల్లో దారి తప్పి, ఏరు దాటలేక, వేళ కాని వేళలో వచ్చే ఎవరికైనా అన్నం పెట్టింది. కులం అడగలేదు, మతం అడగలేదు. ఆస్తి కరిగిపోతున్నా పొయ్యి ఆర్పలేదు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఉత్సవానికి రమ్మని పిలుపొస్తే, నేను వెళ్తే ఇక్కడికి వచ్చేవాళ్ళకి అన్నం ఎవరు పెడతారని వెళ్ళలేదనీ, ఆమె ఫొటో తీసి పంపారనీ కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1909లో పోయింది.

క్రీస్తును నమ్మని సీతమ్మ అన్నదానం క్రైస్తవ లెక్కలో ఎక్కడ పడుతుంది? జవాబు ఒకటి కాదు. క్రీస్తును ఎరగకుండానే మనస్సాక్షి చెప్పినట్టు నిజాయితీగా దేవుణ్ణి వెతికినవాళ్ళకి రక్షణ ద్వారం మూసుకోలేదని రెండో వాటికన్ మహాసభ 1964లో ప్రకటించింది. బౌడెన్, బీర్ వారసులైన సంఘాలు చాలావరకు దీన్ని ఒప్పుకోవు. విశ్వాసం లేకుండా ఎంతటి మంచి పనైనా మనిషిని రక్షించదన్నది వాళ్ళ గట్టి మాట. ఈ మాట మీద ప్రసంగాలు సాగుతూనే ఉన్నాయి.

హేగ్ కట్టించిన అక్విడక్టు నూటయాభై ఏళ్ళకి దగ్గరగా పనిచేసి అలిసిపోతే, 2000లో పక్కనే కొత్తది వాడకంలోకి వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పాతదాన్ని పడగొట్టలేదు. రాజమండ్రి, రావులపాలెం వైపు నుంచి రాజోలు వెళ్ళే బస్సుల్లో కిటికీ పక్క కూర్చున్నవాళ్ళకి రెండూ ఆనుకున్నట్టు కనిపిస్తాయి. నీళ్ళిప్పుడు సీతమ్మ పేరున్నదాని మీదుగా అవతలి పొలాలకి వెళ్తున్నాయి. హేగ్ కమానులు ఖాళీగా, కింద వైనతేయలో కాళ్ళు పెట్టుకుని నిలబడి ఉన్నాయి.